మూస్ సంగటి కావాలంటే

చాక్లెట్ మూస్ చెయ్యడం ఎట్లాగో చెప్పేవాళ్లు లోకం నిండా ఉన్నారు. చెడగొట్టడం ఎట్లాగో వరసగా, ఓపిగ్గా చెప్పేవాళ్లు మాత్రం లేరు. పాపం, ఎవరికి వాళ్లు కనిపెట్టుకుంటున్నారు. ఆ లోటు తీర్చడానికే ఈ చిట్కాలు. వడమాలపేటని దృష్టిలో పెట్టుకుని రాశాను గానీ పుత్తూరు, నగరి, రేణిగుంట వాళ్లు కూడా నిస్సంకోచంగా వాడుకోవచ్చు. ఎండ అందరికీ ఒకటే.

ముందు మనం దేన్ని చెడగొట్టబోతున్నామో తెలియాలి. ఫ్రెంచి ఇళ్లల్లో అమ్మమ్మలు చేసే మూస్‌లో ఉండేవి చాక్లెట్, కోడిగుడ్లు, చిటికెడు ఉప్పు. మహా అయితే రవంత వెన్న, ఒక చెంచా చక్కెర. మనిషికి ఒక గుడ్డు, ఒక ఔన్సు చాక్లెట్, అంటే 28 గ్రాములు. ఇది పాత లెక్క. చాక్లెట్ కరిగించి పచ్చసొనలు కలుపుతారు. తెల్లసొనల్ని నురగ నిలబడేదాకా గిలక్కొడతారు. ఆ నురగని చాక్లెట్‌లోకి మెల్లగా దించి, చల్లగా పెట్టి, తింటారు. అంతే. ఓవెన్ లేదు, పాకం పట్టేది లేదు. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి వంట పుస్తకాల్లోనే చాక్లెట్ నురగలు ఉన్నాయి. కరెంటు లేని రోజుల్లో చేత్తో గిలక్కొట్టి చేసిన వంట ఇది. ఇంత తేలికైనదాన్ని పాడుచెయ్యాలంటే మనవైపు నుంచి గట్టి ప్రయత్నమే కావాలి.

చాక్లెట్ కొనడంతోనే సగం పని అయిపోతుంది. బేకరీ సామాన్లు అమ్మే అంగడికి పోయి డార్క్ కాంపౌండ్ అని రాసిన దిమ్మె అడగండి. చవక. ఎండలో బండి డిక్కీలో పెట్టుకుని తిరిగినా అసలు చాక్లెట్ అంత తొందరగా కారిపోదు. ఆ గట్టిదనమే మనకు కావలసింది. అసలు చాక్లెట్‌లో ఉండే కొవ్వు కోకో వెన్న. అది 34 డిగ్రీల దగ్గర, అంటే మన ఒంటి వేడికి కాస్త కింద, కరిగిపోతుంది. అందుకే నోట్లో పెట్టుకుంటే మాయమవుతుంది. ఫ్రిజ్‌లో పెడితే మళ్లీ బిగుసుకుని, మూస్‌లోని గాలిబుడగల్ని కూలిపోకుండా పట్టుకుంటుంది. కాంపౌండ్‌లో ఆ కోకో వెన్నకి బదులు చవకైన గట్టి నూనెకొవ్వు వేస్తారు. అది అంగిట్లో జిడ్డుగా అతుక్కుని, నీళ్లు తాగినా వదలదు. కాబట్టి అట్ట వెనక రాసింది చదివే దురలవాటు ఉంటే మానుకోండి. మానుకోలేకపోతే కోకో బటర్ అని ఉన్నది దించేసి, హైడ్రోజినేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అని ఉన్నది సంచిలో వేసుకోండి.

కాంపౌండ్ దొరక్కపోతే పిల్లలు తినే పాల చాక్లెట్ తీసుకోండి. మన తిరుపతి జిల్లాలోనే, శ్రీసిటీలో, క్యాడ్‌బరీ చాక్లెట్లు చేసే మాండెలీజ్ కంపెనీ 2016లో పెద్ద ఫ్యాక్టరీ తెరిచింది. సొంత జిల్లా సరుకు అన్న అభిమానం ఎవరు కాదనగలరు? తినడానికి అవి బాగానే ఉంటాయి. మూస్‌కి వచ్చేసరికి పాల చాక్లెట్‌లో పెద్ద వాటా చక్కెరది, కోకో తక్కువ. మూస్ బిగుసుకోదు, తీపి మాత్రం పళ్లు జివ్వుమనిపిస్తుంది. మనకు కావలసిందీ అదే.

ఒక ప్రమాదం గురించి హెచ్చరించాలి. దేశంలో కోకో పండించడంలో మన రాష్ట్రానిది ముందువరస. పశ్చిమ గోదావరి, ఏలూరు వైపు కొబ్బరి తోటల్లో, ఆయిల్‌పామ్ తోటల్లో చెట్ల నీడన కోకో కాస్తుంది. ఆ గింజల్ని అక్కడే పులియబెట్టి, ఎండబెట్టి, వాటితో మేలురకం డార్క్ చాక్లెట్ చేసే 'మనం' అనే సంస్థ 2023లో హైదరాబాద్‌లో అంగడి తెరిచింది. అట్లాంటి 65, 70 శాతం కోకో ఉన్న చాక్లెట్ మీ వంటింట్లోకి వచ్చిందంటే ఈ వ్యాసంలోని సగం చిట్కాలు పనిచెయ్యకుండా పోతాయి. ఎవరైనా బంధువు తెచ్చిస్తే పిల్లలకి ఊరికే పంచిపెట్టేయండి.

ఇక కరిగించడం. తెలిసినవాళ్లు చాక్లెట్‌ని సన్నగా తరిగి గిన్నెలో వేసి, ఆ గిన్నెని వేడినీళ్ల తపేలా మీద, అడుగు నీళ్లకి తగలకుండా పెట్టి, పొయ్యి ఆర్పేసి, అప్పుడప్పుడు కలుపుతారు. మనకంత తీరిక ఎక్కడిది? బాణలి నేరుగా పొయ్యి మీద పెట్టండి. మంట పెద్దది చెయ్యండి. ముక్కలు వేసి, ఫోన్ మోగితే మాట్లాడి రండి. అడుగంటిన చాక్లెట్‌కి ఒక వాసన వస్తుంది, తర్వాత ఎన్ని యాలకులు దంచి పోసినా అది పోదు. మే నెలలో అయితే పొయ్యి కూడా అక్కర్లేదనీ, మూతపెట్టిన గిన్నె మిద్దె మీద కాసేపు ఉంచితే తనంతట తానే కరుగుతుందనీ ఎవరైనా అనవచ్చు. కోతులు ఉన్నాయని చెప్పి తప్పించుకోండి.

చాక్లెట్ చిక్కగా అనిపించగానే ఒక చెంచా నీళ్లు చిలకరించండి. ఒక్క చెంచానే, అంతకు మించకూడదు. చాక్లెట్‌లో చక్కెర రేణువులు, కోకో రేణువులు కొవ్వులో పొడిపొడిగా తేలుతూ ఉంటాయి. కొద్దిగా తడి తగిలితే చాలు, ఒకదాన్నొకటి పట్టుకుని బిర్రబిగుస్తాయి. అప్పటిదాకా జారుగా ఉన్నది ఒక్కసారిగా గరుకు ముద్ద అవుతుంది. తడి గరిటె పెట్టినా చాలు, మూత మీది ఆవిరి చుక్క రాలినా చాలు. ఈ ఘట్టం దాకా వచ్చి చాలామంది కంగారుపడి ఇంకో నాలుగు చెంచాల వేడినీళ్లు పోసి కలిపేస్తారు. అదే తప్పు. అట్లా చేస్తే చక్కెర పూర్తిగా కరిగి, చెడిన చాక్లెట్ మళ్లీ నున్నగా బాగుపడిపోతుంది. 60 గ్రాముల చాక్లెట్‌కి ఒక పెద్ద చెంచా నీళ్లు దాటితే ముద్దకట్టే భయమే ఉండదు. కాబట్టి ఎప్పుడూ అంతకంటే తక్కువ పోయండి.

ఈ నీళ్ల సంగతిలోనే ఒక ఫ్రెంచాయన మన ఆశల మీద నీళ్లు పోశాడు. ఎర్వే తిస్ అని రసాయన శాస్త్రవేత్త. 1995లో ఆయన చాక్లెట్, నీళ్లు, ఈ రెండే తీసుకుని మూస్ చేసి చూపించాడు. చాక్లెట్ ఎంత ఉంటే నీళ్లు దానికి కాస్త తక్కువగా పోసి, కలిపి కరిగించి, గిన్నెని ఐసుముక్కల మీద పెట్టి గిలక్కొట్టడమే. చల్లబడేకొద్దీ కోకో వెన్న గాలిబుడగల చుట్టూ బిగుసుకుంటుంది, క్రీములాగే లేస్తుంది. గుడ్డు లేదు, పాలు లేవు. ఎక్కువ గిలక్కొట్టి పలుకులు పలుకులుగా అయిపోయినా మళ్లీ కరిగించి మొదలుపెట్టవచ్చు. గుడ్డు గడప దాటని ఇళ్లు ఇన్ని ఉన్న తిరుపతి చుట్టుపక్కల ఇది తెలిస్తే ఏమైనా ఉందా? రహస్యంగా ఉంచండి.

జూలియా చైల్డ్ అనే అమెరికావిడ 1961లో ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి అచ్చువేసిన ఫ్రెంచి వంటల పుస్తకంలో మూస్‌కి వెన్న, నారింజ మద్యం, కాఫీ కూడా చేర్చింది. చిక్కటి కాఫీ చాక్లెట్ రుచిని పైకి లేపుతుంది. మన ఇళ్లల్లో పొద్దున్నే ఫిల్టర్లో దిగిన డికాక్షన్ ఉంటుంది. ఇంట్లో ఉండేది ఫ్రెంచి వంటకి ఎట్లా పనికొస్తుంది? సింకులో పారబోసి, అంగట్లో చాక్లెట్ ఎసెన్స్ సీసా కొనండి.

గుడ్లకు కొదవలేదు. దేశంలో అందరికంటే ఎక్కువ గుడ్లు పెట్టించే రాష్ట్రం మనది. బి.వి.రావు చొరవతో 1982లో పుట్టిన నెక్ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) ఊరూరికీ ప్రకటించే గుడ్ల ధరల్లో చిత్తూరు ధర కూడా ఉంటుంది. కాబట్టి ట్రే మొత్తం తెచ్చి ధైర్యంగా పగలగొట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్డులో సొనలు తేలికగా విడిపోతాయి, తెల్లసొన మాత్రం కాస్త చల్లదనం పోయాక బాగా నురగ కడుతుంది. మీరు దీన్ని తిరగేయండి. ఎండవేడికి మెత్తబడ్డ గుడ్లని, ఒకటి పగిలితే అన్నీ కలిసేటట్టు, ఒకే గిన్నెలోకి కొట్టండి. నిజానికి చిన్న గ్లాసులోకి ఒక్కొక్కటే కొట్టి చూసుకుని పెద్ద గిన్నెలోకి వంపితే ప్రమాదం తగ్గుతుంది. అందుకే వద్దు. తెల్లసొనలో పచ్చసొన చుక్క పడితే చాలు, నురగ నోరు మూసుకుంటుంది. పచ్చసొనలోని కొవ్వు, బుడగ గోడ కట్టాల్సిన ప్రోటీన్లకి అడ్డం పడుతుంది. శుభ్రంగా ఉన్న తెల్లసొన గిలక్కొడితే ఎనిమిదింతల దాకా లేస్తుంది. ఎనిమిదింతలంటే ఎక్కడ పెట్టుకుంటారు?

పాత్ర విషయంలో నా సిఫారసు ఆవకాయ కలిపిన ప్లాస్టిక్ బేసిన్. ఎన్నిసార్లు తోమినా ప్లాస్టిక్ లోపల నూనె జిడ్డు కొంత మిగిలే ఉంటుంది, నురగని మొగ్గలోనే తుంచేస్తుంది. స్టీలు గిన్నెనో గాజు గిన్నెనో తీసుకుని, కోసిన నిమ్మచెక్కతో లోపలంతా ఒకసారి రుద్ది, పొడిబట్టతో తుడిచి వాడే ఇళ్లు ఉన్నాయి. ఆ నిమ్మ పులుపు జిడ్డుని తీసేస్తుంది, నురగనీ గట్టిపరుస్తుంది. నిమ్మకాయని మజ్జిగలోకి దాచుకోండి. గిలక్కొట్టడానికి మిక్సీ జారు వాడండి. దాని బ్లేడు కోస్తుంది గానీ గాలిని పట్టదు, తెల్లసొన తెల్లసొనలాగే, రవంత వేడెక్కి, మీ ముందు కూర్చుంటుంది. ఒకవేళ మీ ఇంట్లో తీగల విస్క్ ఉండి, ఎవరో ఓపికమంతులు కొట్టి నురగ తెప్పించారనుకోండి, అప్పుడూ అవకాశం ఉంది. విస్క్ పైకెత్తితే నురగ కొన మెరుస్తూ, కాస్త వంగీ వంగనట్టు నిలబడే క్షణంలో వాళ్లు ఆపుతారు. మీరు ఆపనివ్వకండి. ఇంకో మూడు నిమిషాలు కొట్టించండి. మెరుపు పోయి, దూదిలాగా తునకలై, అడుగున నీళ్లు ఊరుతాయి. ఆ తునకలు చాక్లెట్‌లో ఎంత కలిపినా కలవవు.

ఇక్కడ ఒక్క పేరా తమాషా పక్కన పెడతాను. మూస్‌లో గుడ్డు పచ్చిదే. పచ్చిగుడ్డులో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండే అవకాశం ఉంది. గర్భిణులకి, చిన్నపిల్లలకి, పెద్దవయసువాళ్లకి, జబ్బుపడి లేచినవాళ్లకి పచ్చిగుడ్డు మూస్ పెట్టకండి. మిగతావాళ్లకైనా చీలిక లేని తాజా గుడ్లే వాడండి. చేసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాటికి ముగించండి. గంటల తరబడి కరెంటు పోయి ఫ్రిజ్ వేడెక్కితే మొహమాటం లేకుండా పారేయండి. భయం ఉంటే పచ్చసొనల్ని చక్కెరతో కలిపి వేడినీళ్ల గిన్నె మీద ఆపకుండా కలుపుతూ 71 డిగ్రీలు వచ్చేదాకా వేడిచెయ్యవచ్చు. తెల్లసొనల్ని కూడా చక్కెర వేసి అట్లాగే వేడిచేసి, తర్వాత గిలక్కొట్టవచ్చు. వంటకి వాడే థర్మామీటర్ ఉంటే తప్ప ఇది ఊహ మీద చెయ్యకండి. లేదంటే పైన చెప్పిన నీళ్ల మూస్ ఉండనే ఉంది. ఇక మళ్లీ మన పనిలోకి.

శనివారం గుడ్డు ముట్టని ఇళ్లు మన వైపు ఎన్నో. తమిళ పెరటాశి నెల వచ్చిందంటే నెలంతా అంతే. అప్పలాయగుంట ప్రసన్న వెంకటేశ్వరస్వామిని ఇంత దగ్గర పెట్టుకుని శనివారం పూట గుడ్డు పగలగొట్టే ధైర్యం ఎవరికి ఉంటుంది? ఆ రోజే మూస్ చెయ్యాలని పట్టుబట్టండి, ఇంట్లో గొడవ దానంతటదే వస్తుంది. గొడవ రాకుండా చేసే దారి ఒకటుంది. 2014లో జోయెల్ రోసెల్ అనే ఫ్రెంచి గాయకుడు కనిపెట్టినది, శనగలు ఉడికించిన నీళ్లు తెల్లసొనలాగా నురగ కడతాయని. కాబూలీ శనగలు నానబెట్టి, ఉప్పు వెయ్యకుండా మెత్తగా ఉడికించి, ఆ నీళ్లని చిక్కబడేదాకా కాచి, చల్లార్చి, రెండు పెద్ద చెంచాల్ని ఒక తెల్లసొనకి బదులుగా వాడతారు. ఎలక్ట్రిక్ బీటర్‌తో పది నిమిషాలు కొడితే తెల్లటి నురగ వస్తుంది, చాక్లెట్ కలిశాక శనగ వాసన పెద్దగా తెలియదు. గుగ్గిళ్లు చేసిన ప్రతిసారీ మనం ఆ నీళ్లని వంచి పారబోస్తూనే ఉన్నాం. ఆ సంప్రదాయం కొనసాగించండి.

కలిపే ముందు వేడి చూసుకోవాలి. ఫ్రెంచివాళ్లు కరిగిన చాక్లెట్‌లో వేలు పెట్టి, గోరువెచ్చగా ఉంటేనే పచ్చసొన వేస్తారు. మీరు పొగలు కక్కుతున్నప్పుడే వేసేయండి, పచ్చసొన ఉడికి చాక్లెట్ గుడ్డుపొరటు తయారవుతుంది. లేదా రెండో పద్ధతి, చాక్లెట్‌ని మరిచిపోయి సీరియల్ అయ్యాక వచ్చి, గడ్డకట్టడం మొదలయ్యాక ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి నురగ వెయ్యండి. చాక్లెట్ చల్లదనం తగిలి చిన్న చిన్న పలుకులుగా విరిగిపోతుంది. రెండింట్లో ఏదైనా మేలే, మీ ఓపికని బట్టి.

ఇప్పుడు అసలు ఘట్టం. రాయలసీమలో పుట్టినవాళ్లకి ఇక్కడ పుట్టుకతో వచ్చిన మొగ్గు ఉంది. మన చెయ్యి సంగటి కెలికిన చెయ్యి. సట్టిలో ఉడుకుతున్న అన్నం మీద రాగిపిండి పోసి, కాసేపు మూతపెట్టి, దించి, సట్టిని గుడ్డతో గట్టిగా అదిమిపట్టుకుని, తెడ్డుతో ఒంట్లో బలమంతా పెట్టి కెలికితేనే ఉంటలు లేని సంగటి. ఎంత కెలికితే అంత నున్నన. ఉంట కనిపిస్తే అవమానం. ఈ న్యాయాన్ని అక్షరం పొల్లుపోకుండా మూస్‌కి వర్తింపజెయ్యండి. నురగ మొత్తం ఒక్కసారే చాక్లెట్ మీద బోర్లించండి. తెడ్డు తీసుకోండి. గిన్నెని కాళ్ల మధ్య ఇరికించుకోండి. తెల్లచార ఒక్కటి కూడా మిగలకూడదన్న పట్టుదలతో తిప్పండి. నురగలో ఉన్న గాలి ఒక్కో తిప్పుకి చిటపటలాడుతూ బయటికి పోవడం చెవిపెట్టి వింటే వినబడుతుంది. ఐదు నిమిషాల్లో గిన్నెనిండుగా ఉన్నది అడుక్కి చేరుతుంది. చారల్లేవు, ఉంటల్లేవు, నిగనిగలాడే గోధుమరంగు ద్రవం. సంగటి పరీక్షలో నూటికి నూరు.

ఫ్రెంచివాళ్ల దగ్గర ఇదే పని ఎంత బద్ధకంగా జరుగుతుందో చూడండి. నురగలో మూడో వంతు మాత్రం ముందు చాక్లెట్‌లో వేసి, మొహమాటపడకుండా కలిపేస్తారు. అది బలి. దాంతో చిక్కటి చాక్లెట్ కాస్త పలచబడి, మిగతా నురగని నొప్పించకుండా తీసుకోగలుగుతుంది. తర్వాత మిగిలిన నురగని రెండు దఫాలుగా వేస్తారు. వెడల్పాటి రబ్బరు గరిటెని మధ్యలో నిలువుగా దించి, అడుగు నుంచి గోడ వెంబడి పైకి తెచ్చి, పొరలాగా మడిచి వదులుతారు. గిన్నెని రవంత తిప్పి మళ్లీ అదే. గుండ్రంగా తిప్పరు, అదమరు. ఒకటి రెండు తెల్లచారలు ఇంకా కనిపిస్తూ ఉండగానే చెయ్యి తీసేస్తారు. కనిపించే చారని వదిలెయ్యడం! మన ఇంట్లో అట్లా వదిలితే ఎవరైనా ఊరుకుంటారా?

ఊరుకోరు. అందుకే మూస్ ఎప్పుడూ ఒంటరిగా చెయ్యకూడదు. వంటింట్లో కనీసం పెద్దమ్మ, వదిన, పక్కింటి అక్క ఉండాలి. మీరు పచ్చసొన వెయ్యగానే పెద్దమ్మ మొదలుపెడుతుంది.

"ఏందే అది, గుడ్డు పచ్చిగానే కలిపేస్తా ఉండావు? నీసువాసన రాదా?"

"రాదు పెద్దమ్మా. చాక్లెట్ వాసనే వస్తుంది."

"ఎందుకైనా మంచిది, యాలక్కాయలు నాలుగు దంచి వెయ్."

యాలకులు పడ్డాక వదినకి ధైర్యం వస్తుంది. జీడిపప్పు నేతిలో వేయించి వేస్తే నిండుగా ఉంటుందంటుంది. నెయ్యి వేడివేడిగా పడుతుంది, ఆ వేడికి నురగ ఒక అంగుళం దిగుతుంది. పక్కింటి అక్క పలచగా ఉందే అని నిజమే చెప్పి, కస్టర్డ్ పొడి పాలల్లో కలిపి పోస్తే చిక్కబడుతుందని పరిష్కారం కూడా చెబుతుంది. పచ్చి కస్టర్డ్ పొడి ఉడక్కుండా చిక్కబడదు, పిండి రుచి మాత్రం ఇస్తుంది. చివరికి ఎవరో డబ్బాపాలు తెస్తారు. ఎవరి మాటా కాదనకండి. బంధుత్వాలు ముఖ్యం. చక్కెర గురించి వేరే చెప్పక్కర్లేదు, ముగ్గురూ తలా ఒకసారి రుచి చూసి తలా ఒక గుప్పెడు వేసేసి ఉంటారు.

క్రీము వెయ్యాలా వద్దా అని ఆలోచించేవాళ్లకి ఒక మాట. అమ్మమ్మల మూస్‌లో క్రీము లేనే లేదు. అది హోటళ్ల అలవాటు. వేసేవాళ్లు కనీసం 30, 35 శాతం కొవ్వున్న విప్పింగ్ క్రీము చల్లగా తీసుకుని కొడతారు. మీరు అంగట్లో ఫ్రెష్ క్రీము అని దొరికే చిన్న డబ్బా కొనండి. అందులో కొవ్వు 25 శాతమే, సాయంత్రం దాకా కొట్టినా నిలబడదు. ఇంకా బాగా కావాలంటే ఇంట్లో వారం రోజులు కూడబెట్టిన మీగడ వెయ్యండి. కాస్త పులిసి ఉంటుంది, గిలక్కొట్టగానే వెన్నముద్ద ఒకవైపు, మజ్జిగ ఒకవైపు విడిపోతాయి. మూస్ రాకపోయినా సంగటిలోకి వెన్న వచ్చింది.

చల్లార్చడానికి కనీసం నాలుగు గంటలు, రాత్రంతా అయితే ఇంకా మంచిదని అంటారు. కోకో వెన్న గట్టిపడటానికి టైము పడుతుంది మరి. అంతసేపు ఎవరు కాచుకుంటారు? డీప్ ఫ్రీజర్‌లో 20 నిమిషాలు పెట్టండి. పైన ఐసు పొర, లోపల పాయసం. మధ్యలో నాలుగైదుసార్లు తలుపు తీసి గిన్నె వంచి చూడండి. మూత పెట్టకండి. చాక్లెట్‌లోని కొవ్వు పక్కనున్న వాసనలన్నీ పీల్చుకుంటుంది, కాబట్టి మూస్‌కి ఒకవైపు పులిసిన దోసెపిండి, ఇంకోవైపు ఆదివారానికి ఉల్లి అల్లం పట్టించిన కోడికూర ముక్కలు ఉండేటట్టు చూసుకుంటే రుచిలో కొత్తదనం వస్తుంది.

వడ్డన మధ్యాహ్నం రెండు గంటలకి, మే నెలలో, వరండాలో పెట్టుకోండి. బయట 40 దాటి ఉంటుంది. కోకో వెన్న కరగడానికి 34 చాలని చెప్పానుగా. ఫోటో తీసేలోపు కప్పులో అలలు కనిపిస్తాయి. అయినా బాగుందనిపిస్తే, స్టీలు క్యారియర్‌లో పోసుకుని తిరుపతి బస్సెక్కి చుట్టాలకి చూపించి రండి. రోడ్డు మీద ప్రతి స్పీడ్‌బ్రేకర్ మిగిలిన గాలిబుడగల లెక్క తేలుస్తుంది. చేరేసరికి అది మూసా, మిల్క్‌షేకా అని అడిగే అవకాశం కూడా చుట్టాలకి ఉండదు.

అన్నీ పాటించాక కూడా గిన్నె అడుగున ముద్ద మిగిలిందనుకోండి. పారేయకముందు ఒక సంగతి. గాలి పోయినా అందులో ఉన్నది మంచి చాక్లెట్, గుడ్లు, వెన్నే అయితే, యాలకులూ కస్టర్డూ పడకపోయి ఉంటే, అదే రోజు, వెన్న రాసిన గిన్నెలో పోసి 175 డిగ్రీల ఓవెన్‌లో 20, 25 నిమిషాలు ఉంచితే పిండి లేని చాక్లెట్ కేకు తయారవుతుంది. గుడ్డు పూర్తిగా ఉడుకుతుంది కాబట్టి పిల్లలకీ పెట్టవచ్చు. చల్లారాక మధ్యలో కొంచెం కుంగుతుంది, కుంగినా బాగుంటుంది. దీన్ని చెడగొట్టే పద్ధతి నాకింకా దొరకలేదు. మీకు తెలిస్తే రాసి పంపండి.